పైలీడు తౌడు

పిల్ల పుట్టినరోజంటే ఏ తల్లికైనా సంబరం. నాకు మాత్రం ఆ రోజు పొద్దున్నించీ ఒళ్లు మండుతూ ఉండేది. పిల్ల మీద కాదు, పిల్లను కొన్న మనిషి మీద.

మాటవరసకు అనడం లేదు. నిజంగానే కొన్నది. పైలీడు తౌడు పోసి కొన్నది. పైలీ అంటే ఇక్కడి వాళ్లు ధాన్యం కొలిచే గిన్నె, మన సోలకు పెద్దక్క. అమ్మింది మా అత్తగారు వరహాలమ్మ. అమ్ముతుంటే నోరు మెదపకుండా మంచం మీద పడుకుని చూసినదాన్ని నేను.

రాయపూర్ రైల్వే కాలనీకి కాపురానికి వచ్చాక రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లి రెండుసార్లూ ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాను. ఆ సంగతి ఇంతకు మించి చెప్పలేను. మూడోసారి ఆడపిల్ల పుట్టి, కాలనీ అంతా వినబడేలా ఏడ్చి, పాలు తాగి పడుకున్నాక మా అత్తగారు నా మంచం పక్కన కూర్చున్నారు.

"గుంటని అమ్మీయాల కోడలా. మనది కాదనుకుంటే దాని జోలికెవలూ రారు" అన్నారు.

పాలకొండ వైపు మాకిది ఉన్న ఆచారమే. బిడ్డలు నిలవని ఇంట్లో పుట్టిన బిడ్డను పొరుగింటికి చేటెడు తౌడుకో, చారెడు ఊకకో అమ్మేస్తారు. పెంచేది కన్నవాళ్లే, బిడ్డ మాత్రం కొన్నవాళ్లది. యముడు వచ్చి "ఈ ఇంట్లో పిల్ల ఏదీ" అంటే "మాకెక్కడి పిల్ల బాబూ, ఎప్పుడో అమ్మేశాం" అని ధీమాగా చెప్పొచ్చు. మా ఆయన పేరు పరదేశి. అదీ ఆ బాపతే. ఆయనకు ముందు పుట్టినవాళ్లు దక్కక, వీడు మనవాడు కాదు, దారిన పోయే పరదేశి అని పేరు పెట్టి కాపాడుకున్నారు. ఆ పేరు చెబితే ఈ ఊళ్లో నవ్వుతారు. వాగన్ల వర్క్‌షాపులో కొత్తగా చేరిన ప్రతివాడూ "పర్‌దేశీ బాబూ, మీదే దేశం?" అని అడుగుతాడట. "మా ఆవిడ చెప్పిన దేశం" అంటాడట ఈయన.

అమ్మడానికి కొనేవాళ్లు కావాలి కదా. మా వెనక క్వార్టర్లో వర్క్‌షాపు ఖలాసీ కుటుంబం ఒకటి ఉండేది. ఆయన భార్య సుక్‌వారో, ఈ ఊరి మనిషి. మా అత్తగారికి హిందీ ముక్క రాదు. పిల్లను చేటలో పడుకోబెట్టుకుని పెరటి గోడ దగ్గరికి వెళ్లి, చేతులతో ఏదో అభినయం మొదలుపెట్టారు. చేటలో పిల్లను చూడగానే సుక్‌వారో ఇంక ఆవిడను చెప్పనివ్వలేదట. "బిసాహిన్!" అని ఒక్క కేక వేసి, లోపలికి పరుగెత్తి పైలీ నిండా తౌడు తెచ్చి పోసేసిందట. వాళ్ల భాషలో బిసాహిన్ అంటే కొనుక్కున్న పిల్ల. వాళ్లకీ అదే ఆచారం, అదే బేరం, ఆ తౌడే. "ఆలు కూడా మనలాటోలేనే!" అని మా అత్తగారు బతికినన్నాళ్లూ ఆశ్చర్యపోయారు.

అలా పిల్లకు బళ్లో పేరు ఫణిశ్రీ, మా ఇంట్లో పేరు తౌడు, సుక్‌వారో నోట బిసాహిన్.

అమ్మినదానికి నియమాలున్నాయి. నేను పిల్లను "నా కూతురు" అని పైకి అనకూడదు. పుట్టినరోజున తలంటు నేను పోయొచ్చు, కొత్త బట్టలు నేను కుట్టించొచ్చు, మొదటి ముద్ద మాత్రం కొన్న తల్లి చేతి మీదుగా పిల్ల నోట్లో పడాలి. ఆ తర్వాతే నా వంట. పిల్లను బళ్లో వేసినప్పుడు టీచరమ్మ "ఆప్‌కీ బేటీ హై?" అని అడిగింది. ఏమనను? "మా ఇంట్లో ఉంటుంది" అన్నాను. ఆ టీచరమ్మ ఏడాదంతా నన్ను సవతితల్లిని చూసినట్టు చూసింది.

ఒకే ఒక్కసారి నియమం తప్పాను. పిల్లకు ఆరో పుట్టినరోజు. సుక్‌వారో ఇంకా రాలేదు. పాయసం కమ్మగా వాసన వస్తోంది, పిల్ల గిన్నె చుట్టూ తిరుగుతోంది. ఎవరూ చూడకుండా ఒక చెంచా నోట్లో పెట్టాను. సాయంత్రానికి పిల్ల ఒళ్లు కాలిపోయింది. జ్వరం తగ్గేదాకా మంచం పట్టీ వదలకుండా ఏడుస్తూ "నా చేత్తోనే పెట్టాను, నా చేత్తోనే" అని అంటూనే ఉన్నానట. ఊళ్లో అప్పుడు ఇంటింటా జ్వరాలేనని మా ఆయన ఎంత చెప్పినా నా చెవికెక్కలేదు. ఆ తర్వాత పుట్టినరోజు నాడు సుక్‌వారో వచ్చేదాకా పిల్లకు మంచినీళ్లు తప్ప ఏదీ ఇచ్చేదాన్ని కాదు.

ఆవిడేమో నవ్వుతూ వచ్చేది. పళ్లెంలో అయిర్సాలు. అవి మన అరిసెలే, పేరే కాస్త నలిగింది. "ఆ బేటీ, ఆ" అనగానే పిల్ల గువ్వపిట్టలా నోరు తెరిచేది. "దాయీ" అని ఆవిడ మెడకు చుట్టుకునేది. దాయీ అంటే వాళ్ల భాషలో అమ్మ. నేను పక్కన గరిటె పట్టుకుని పెళ్లికి వచ్చిన వంటమనిషిలా నిలబడేదాన్ని. మనిషి మంచిది కాకపోయినా బాగుండేది, మనసారా తిట్టుకునేదాన్ని. ఆ సుఖం కూడా లేదు.

రెండేళ్ల కిందట ఆమె భర్త రిటైరయ్యాడు. కొడుక్కి ఉర్లా ఫ్యాక్టరీలో పని కాబట్టి అందరూ బీర్‌గావ్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. పిల్ల కూడా అప్పుడే ఇంజనీరింగులో చేరింది. కాలేజీ మందిర్ హసౌద్ దాటాక ఎక్కడో ఉంది, పొద్దున్నే బస్సు. దాంతో పుట్టినరోజు ముద్ద సాయంత్రానికి మారింది. కాలేజీ నుంచి నేరుగా బీర్‌గావ్ వెళ్లి, దాయీ చేత్తో తిని, అప్పుడు ఇంటికి వచ్చేది.

కిందటేడు మా అత్తగారు పోయారు. పోయే ముందు అడిగాను, "పిల్లని మళ్లీ ఎప్పుడు కొనుక్కోవాలత్తయ్యా?" అని. "గండాలు దాటీసినాయని నీకే తెలుస్తాదే" అన్నారు. ఎలా తెలుస్తుందో చెప్పకుండానే వెళ్లిపోయారు.

తెలిసింది. పిల్ల కిందటి పుట్టినరోజు ఫొటో ఒకటి ఫోనులో నా కంటపడింది. కాలేజీ మెట్ల మీద నిలబడి ఉంది, మొహం నిండా కేకు. చుట్టూ స్నేహితులు, వాళ్ల చేతులన్నీ దీని మొహం మీదే. దాయీ కంటే ముందే తినేసిందన్నమాట! పిల్లను అడగడానికి కూడా భయపడ్డాను. నుదురు ముట్టుకుని ముట్టుకుని చూశాను. రోజులు గడిచాయి. తుమ్ము కూడా రాలేదు. సరే, గండం గట్టెక్కిందని అప్పుడే అనుకున్నాను. ఈసారి ఇరవై నిండుతున్నాయి. ఈ పుట్టినరోజుకి పిల్ల నాది, మొదటి ముద్ద నాది. ఏడాదిగా మనసులో ఇదొక్కటే జపం.

కార్తీకం వెళ్లిపోతున్న రోజులు, పొద్దున చలిగా ఉంది. తలంటు పోశాను. పిల్ల కొత్త చుడీదారు వేసుకుని, తడి జుట్టుతోనే సంచీ భుజాన వేసుకుంది.

"తల ఆరనీవే, జలుబు చేస్తాది."

"ఆరితే బస్ ఛూట్ జాయేగీ అమ్మా. మళ్లీ నువ్వే అరుస్తావు, లేటెందుకని."

"సాయంత్రం బేగి వచ్చీ."

"దాయీ దగ్గరికెల్లి వస్తానుగా." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఏటమ్మా, ఈరోజు మొహం మాడ్చుకోలేదు? తబియత్ ఠీక్ హై నా?"

"ఫో, బస్సుకి ఫో" అన్నాను.

అది వెళ్లగానే పరమాన్నం వండాను. మూత గట్టిగా బిగించి డబ్బాలో పెట్టాను. ఆవిడ కోసం ఒక నేత చీర కొని ఉంచాను. ఇక కావలసింది తౌడు. కాలనీ గేటు బయట పాలడెయిరీ ఉంది, గేదెలకు పెట్టే దాణా అక్కడే అమ్ముతారు. హిందీలో తౌడును ఏమంటారో నాకు సరిగ్గా తెలియదు. ఇన్నేళ్లలో ఎప్పుడు అవసరం పడింది గనక? "గేదెలకు పెడతారు కదా, పొట్టు తీస్తే వచ్చేది" అన్నాను. "చోకర్?" అన్నాడు డెయిరీ మనిషి. గంభీరంగా తల ఊపాను. ఒక పైలీ సరిపోతుంది, కానీ రేపు ఎవరూ తగ్గిందని అనకూడదు కదా, రెండింతలు కట్టించాను.

మా ఆయన మధ్యాహ్నం డ్యూటీకి వెళుతూ మూట వంక చూశాడు. "అయితే కొనీస్తన్నావన్నమాట. నన్ను కూడా ఎవలైనా కొనీసుంటే బాగున్ను, ఇలా పరదేశిగానే మిగిలిపోనాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, గేటు దాకా వచ్చి నన్ను ఆటో ఎక్కించి, మూట నా కాళ్ల దగ్గర సర్ది, "భయపడకే" అన్నాడు.

సుక్‌వారో ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం వాలింది. వరండాలో పొయ్యి ముందు కూర్చుని అయిర్సాలు వేస్తోంది. ఇల్లంతా బెల్లం వాసన. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమన్నాను. మేం మాట్లాడుకునేది హిందీలోనే. ఆమె హిందీలో సగం ఛత్తీస్‌గఢీ, నా హిందీలో సగం పాలకొండ. అయినా ఇన్నేళ్లలో ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం జరగలేదు.

దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలన్నీ మరిచిపోయాను. చీరా మూటా ఆమె ముందు పెట్టి ఒకే మాట అన్నాను.

"దీదీ, పిల్లను కొనుక్కోవడానికి వచ్చాను."

నూనెలో అయిర్సా వేగుతోంది. ఆమె దాన్ని చూస్తూనే ఉంది, తీయలేదు. ఆ బాదంరంగు కాస్తా నల్లబడి, పొగ వచ్చాక నేనే జల్లిగరిటె అందుకుని తీసి పక్కన పడేశాను. మాడిన దాన్ని చూసి ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఎన్నేళ్లు పట్టింది బహినీ నీకు" అంది.

నాకు అర్థం కాలేదు.

"ప్రతి పుట్టినరోజుకీ నీ చేతుల వంక చూసేదాన్ని, ఈసారైనా మూట ఉందా అని. నువ్వు వట్టి గరిటె పట్టుకుని నిలబడేదానివి."

"మరి ఒక్క మాట చెప్పొచ్చు కదా మహాతల్లీ!" అన్నాను. నిజంగానే కోపం వచ్చింది. ఇన్నేళ్లు నేను కుళ్లిపోయింది ఎందుకట?

"ఎలా చెప్పను? కొన్న తల్లి తనంతట తాను తీసుకుపొమ్మంటే పిల్లను వద్దన్నట్టు. అలా అంటే పిల్లకు మంచిదా?"

తర్వాత ఆమె పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, ఇంతకాలం నాకు తెలియని సంగతి చెప్పింది. శుక్రవారం పుట్టింది కాబట్టి సుక్‌వారో అని పేరు గానీ, పుట్టింట్లో ఆమెను కూడా బిసాహిన్ అనేవారట. ఆమెనూ పొరుగింటికి అమ్మారు. "పెళ్లిలో నా కాళ్లు కడిగింది నన్ను కొన్న దాయీ. కన్నతల్లి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ప్రతి ఏడూ తౌడు సిద్ధం చేసుకునేదట. ప్రతి ఏడూ ఇంకొక్క ఏడు చూద్దాం, ఇంకొక్క ఏడు అని భయపడేదట. ఆఖరికి నన్ను కొనుక్కోకుండానే పోయింది. అందుకే నీ కోసం చూశాను."

ఆ మాటలకు నా కళ్లు నిండిపోయాయి. ఏనాడూ ఆ మనిషి పక్కన తీరిగ్గా కూర్చోని నేను, ఆ రోజు పొయ్యి ముందు ఆమె భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. ఆమె కూడా ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని, "ఇంక కొలుద్దాం" అని లోపలికి వెళ్లి పైలీ తెచ్చింది. ఆనాటి పైలీయే. సొట్టలు పడింది గానీ తళతళలాడుతోంది. నేను మూట విప్పాను.

సుక్‌వారో లోపలికి చూసింది. వేళ్లతో తీసి రుద్దింది. మళ్లీ చూసింది. "ఏ కా ఏ? ఇదేంటి?" అంది.

"చోకర్" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

అంతే, నవ్వు మొదలుపెట్టింది. ఇందాకటి కన్నీళ్లు ఆరకుండానే పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "చోకర్ అంటే గోధుమ తౌడే బహినీ! నేను నీ పిల్లను కొన్నది కోఢా పోసి. వడ్ల తౌడు! వడ్ల పిల్లను గోధుమలిచ్చి తీసుకుపోతానంటావా? తెల్లారేసరికి పంజాబీ మాట్లాడుతుంది!"

నాకు నవ్వు రాలేదు. చుట్టూ బియ్యం మిల్లులున్న ఊళ్లో కాపురం చేస్తూ, చూసి చూసి గోధుమ తౌడు మోసుకొచ్చానా? "ఏదైనా తౌడు తౌడే కదా" అన్నాను బింకంగా.

"యముడు అడిగితే అలాగే చెప్పు" అని ఆమె మళ్లీ నవ్వింది.

అప్పుడే గుమ్మం ముందు స్కూటీ ఆగింది. నడిపేది శిల్ప, పిల్లతో చదివే అమ్మాయి. వాళ్లదీ తెలుగు ఇల్లే, వాళ్లమ్మ ఇక్కడ నర్సు. వెనక నుంచి మా తౌడు దిగింది. జుట్టులో క్రీము, కనుబొమల మీద క్రీము, చెవుల్లో చాక్లెట్టు. పొద్దున నేను పోసిన తలంటు ఏమైపోయిందో దేవుడికే తెలియాలి.

"అమ్మా! నువ్వేటిక్కడ?"

నాకు ఆ మొహం తప్ప ఏమీ కనబడలేదు. ఈసారైనా నాది అనుకున్న మొదటి ముద్ద ఎవరో పిల్లకాయలు ముందే తినిపించేశారు. "తినీసావేటే?" అన్నాను.

"ఇది తింటే కదాంటీ!" అంది శిల్ప. "మూతి బిగించేస్తుంది, మందు తాగనని మొండికేసే చిన్నపిల్లలాగ. పోయినేడు కూడా సేమ్. మేము కేకు పెట్టబోతాం, ఇది నోరు తెరవదు, ఇంకేం చేస్తాం, మొహానికి పూసేస్తాం. దీని బర్త్‌డేకి ఉప్‌వాస్ అని కాలేజీ మొత్తం జోక్ చేస్తారు. పొద్దున్నించీ మంచినీళ్లే, ఇంకేం లేవు!" అని ఫోను తీసి ఫొటోలు చూపించింది. ఒక్కొక్కటే చూశాను. కిందటేటివీ ఉన్నాయి. కేకు బుగ్గల మీద, ముక్కు మీద, గడ్డం మీద. నవ్వు కళ్లలో ఉంది గానీ పెదవులు మాత్రం గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. నేను ఆనాడు చూసిన ఫొటోలోనూ అంతే. నేనే కేకును చూశాను, మూతిని చూడలేదు.

"ఎందుకే?" అన్నాను.

"ఎందుకేటి? దాయీ పెట్టకముందు తింటే నీకు భయం కదా."

"నీకు భయం లేదా?"

"నేనవన్నీ నమ్మనమ్మా. జ్వరం వైరస్‌కొస్తాది, పాయసానికొస్తాదేటి?" చెవిలో చాక్లెట్టు చున్నీతో తుడుచుకుంటూ, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు చెప్పింది. "నా సిక్స్త్ బర్త్‌డేకి నువ్వెలా ఏడ్చావో నాకు గుర్తుంది. మంచం పట్టుకుని. మళ్లీ అలా ఏడవకూడదు నువ్వు. అంతే."

దాయీ మీద ప్రేమతో ఆ నోరు నా దగ్గర మూసుకుంటోందనుకున్నాను ఇన్నాళ్లూ. అది నా కోసం మూసుకుంటోంది. ఆకలికి ఆగలేని పిల్ల, పరీక్షల రోజుల్లో కూడా ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో చదివే పిల్ల, రోజంతా నా కోసం ఎండిపోయిన పెదవులతో తిరిగింది.

ఆ సంతోషం తీరకముందే భయం మళ్లీ పట్టుకుంది. నియమం తప్పలేదంటే, గండం దాటిందనడానికి రుజువేదీ? కిందటేడు ఏమీ కాలేదంటే పిల్ల తినలేదు కాబట్టే. మూట ముడి వేయడం మొదలుపెట్టాను.

"ఈ ఏటికి వద్దులే దీదీ. ఎలాగూ తౌడు కూడా తప్పుదే తెచ్చాను. వచ్చే ఏడు చూద్దాం" అన్నాను.

సుక్‌వారో నవ్వడం మానేసింది. "మా అమ్మ కూడా ఇలాగే అనేది" అంది మెల్లగా.

ముడి మీద నా వేళ్లు ఆగిపోయాయి. వంటింటి గుమ్మంలో నిలబడి కూతురి పెళ్లి చూసిన ఆ ముసలావిడ ఎవరో నాకు తెలియదు. కానీ ఆవిడ చేతిలోనూ ఒక గరిటె ఉండే ఉంటుంది. నా మీద నాకే మండుకొచ్చింది. మూట పక్కకు తోసేశాను.

"ఒసే, వడ్ల తౌడు ఎక్కడ దొరుకుతాది ఇక్కడ?" అన్నాను పిల్లతో.

"వడ్ల తౌడా?"

"అదే, కోఢా" అన్నాను. ఆ మాట వినగానే "ఎదురింట్లో గేదెలున్నాయి, అడిగి తీసుకురా" అని సుక్‌వారో చేట అందించింది. నా చోకర్ తప్పుతో సహా సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. పిల్ల నడుం మీద చెయ్యి వేసుకుని మా ఇద్దరి వంకా చూసింది.

"అంటే నా ధర నేనే మోసుకురావాలా? వాహ్! బర్త్‌డే గాళ్‌కి ఎంత ఇజ్జత్!" అని గొణుక్కుంటూనే వెళ్లింది. శిల్ప నవ్వు ఆపుకోలేక వెంట పడింది. ఇద్దరూ చేటెడు తౌడుతో తిరిగి వచ్చారు. మెత్తగా, కొత్త వడ్ల వాసనతో, లేత గోధుమరంగు తౌడు. ఆ రంగును వేరే పేరుతో చెప్పలేను, ఏం చేయను.

కింద చాప పరిచారు. సుక్‌వారో పైలీ నా ముందు పెట్టి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. చూపు మాత్రం పిల్ల మీదే ఉంది. నేను రెండు చేతులతో తౌడు తీసి పోశాను. భయంగానే ఉంది. పైలీ నిండింది. అరచేత్తో అంచు సమం చేశాను.

ఇంక ఆమె చేతికి ఇవ్వడమే. ఇస్తే పిల్ల నాది. సుక్‌వారో చేతులు చాపింది. ఆ చేతులకు ఇంకా అయిర్సా పిండి అంటుకుని ఉంది. పొద్దున్నుంచీ ఒంటరిగా కూర్చుని, ఎప్పటిలాగే పిల్ల కోసం వేసింది, ఇవాళ నేను మూటతో వస్తానని తెలియక. పైలీ ఇచ్చేశాక ఆ అయిర్సాలు వట్టి పిండివంటలైపోతాయి.

నేను పైలీలోంచి ఒక గుప్పెడు తౌడు తీసేశాను. తీసి నా కొంగున ముడి వేసుకున్నాను. అప్పుడు ఇచ్చాను.

సుక్‌వారో లోపలికి చూసి కంగారు పడింది. "కమ్ హోగే బహినీ. తగ్గింది. పూర్తిగా పోయకపోతే పిల్ల మొత్తం నీది కాదు."

"తెలుసు. ఆ గుప్పెడు మేరకు పిల్ల నీదిగానే ఉండనీ" అన్నాను.

"ఏటమ్మా ఈ హిసాబు?" పిల్ల మా మధ్య మోకాళ్ల మీద కూర్చుంది. "నాలో ఏ ముక్క దాయీకి వదిలీసావు? చెయ్యా? కాలా?"

"నీ నోరు."

పిల్ల అల్లరి ఆపేసి నా మొహంలోకి చూసింది. సుక్‌వారో పైలీని గుండెకు ఆనించుకుంది. మనుషులు మెత్తబడితే నాకు చిరాకు, ముఖ్యంగా నేను కూడా మెత్తబడిపోతుంటే. అందుకే కసిరినట్టు అన్నాను:

"క్యా దేఖ్ రహీ హో దీదీ? మేరీ బేటీ కో భూఖ్ లగీ హై. ఖిలాఓ!"

అన్నాక గానీ ఏం అన్నానో నాకే తెలియలేదు. మేరీ బేటీ. ఆ మాట నా నోట్లోంచి బయటపడి వరండాలో నిలబడింది. ఆకాశం విరిగి పడలేదు. ఎదురింటి గేదె ఒకటి అరిచింది, అంతే.

"చెల్లదు" అంది పిల్ల. కళ్లనిండా నీళ్లు, అయినా ఆ నోరు ఊరుకోదు. "హిందీలో అంటే చోకర్ అమ్మా. తెలుగులో అను."

నేను దాని మొహానికి అంటిన క్రీము కొంగుతో తుడిచాను. ముందు నుదురు, తర్వాత బుగ్గలు, తర్వాత ఆ ఎండిన పెదవులు. ఇరవయ్యేళ్లుగా గొంతులో పెట్టుకు తిరుగుతున్న మాట బయటికి దారి తెలియక కాసేపు తడుముకుంది.

"నా కూతురికి ఆకలేస్తంది దీదీ. పెట్టు" అన్నాను.

సుక్‌వారోకు తెలుగు రాదు. అయిర్సా తుంచి, నేను తెచ్చిన పరమాన్నంలో అద్ది, "ఆ బేటీ, ఆ" అంది. నా కూతురు నోరు తెరిచింది.